అమ్మలూ, ఆ రసమట్టం మీద చిత్రిక పెట్టకు

అమ్మలూ,

బుడగను చూసి వాలు తెలుసుకునే పాత చెక్క రసమట్టం ఒకటి కొన్నావని, దాన్ని నువ్వే బాగుచేసి గోడ అలమారలు కూడా దాంతోనే నువ్వే బిగిస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో భయం ఎక్కువ, గర్వం తక్కువ. నాకు అటూ ఇటూ సమానంగా ఉంది. నిద్రపట్టక ఇది రాస్తున్నదెందుకంటే, నువ్వు పంపిన ఫొటోలో రసమట్టం పక్కనే చిత్రిక కనబడింది. ముందు ఆ చిత్రిక తీసి లోపల పెట్టు. తర్వాత చదువు.

రసమట్టంలో పనిచేసేది గాజు గొట్టం ఒక్కటే. చెక్క దాన్ని మోసే పల్లకి. 1661 ప్రాంతంలో ఫ్రాన్సులో మెల్కిసెదెక్ తెవెనో కనిపెట్టిన కీలకమే ఈనాటి అల్యూమినియం మట్టంలోనూ ఉంది. గొట్టం తిన్నగా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ లోపలి పైభాగం కొంచెం విల్లులా వంగి ఉంటుంది. ఆ వంపు ఎంత పెద్ద వృత్తంలోదైతే మట్టం అంత చురుకు. వ్యాసార్ధం 2 మీటర్లనుకో, మీటరుకు 1 మిల్లీమీటరు వాలు వస్తే బుడగ 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. లోపల నీళ్ళకు బదులు ఆల్కహాలు ఎందుకంటే అది చలికి గడ్డకట్టదు, బుడగ గాజుకు అతుక్కుని మొరాయించదు.

నీది ఎంత చురుకో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. 60 సెంటీమీటర్ల మట్టం కదా, కదలని బల్లమీద పెట్టి ఒక చివర కింద మామూలు ప్రింటింగు కాగితాలు ఆరు దొంతరగా దూర్చు. ఒక్కోటి 0.1 మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి అది మీటరుకు 1 మిల్లీమీటరు వాలు. బుడగ కంటికి స్పష్టంగా జరిగిందా, గొట్టం పనికొస్తుంది. కదలక కదలక ఒక్కసారిగా ఎగిరిందా, గొట్టం లోపల ఏదో తేడా ఉంది. ఎంత అందమైన చెక్క అయినా దాంతో అలమార బిగించకు.

ఇప్పుడు అసలు పరీక్ష. మట్టాన్ని బల్లమీద పెట్టి దాని చుట్టూ పెన్సిలుతో గీసుకో. బుడగ ఎటు, ఎంత జరిగిందో రాసుకో. అదే గీతల్లో చివరలు మార్చి, అంటే కుడి కొస ఎడమకు వచ్చేలా తిప్పి పెట్టు. బుడగ మొదట కిటికీ వైపు జరిగిందనుకో, రెండోసారి కూడా కిటికీ వైపే, అంతే దూరం జరిగితే మట్టం మంచిది, బల్లే వాలింది. మొదట కిటికీ వైపు, తర్వాత తలుపు వైపు పోతే తప్పు మట్టంలో ఉంది. రెండు చోట్లకూ మధ్య ఉన్న దూరంలో సగమే మట్టం తప్పు. ఈ సగం మాట మరిచిపోయే చాలామంది గొట్టాన్ని సర్దే మరను పూర్తిగా తిప్పేసి తప్పును అటునుంచి ఇటు మారుస్తారు. బల్ల కింద అట్టముక్కలు పెట్టి మొదటిసారి బుడగను నడిమధ్యకు తెచ్చావనుకో. తిప్పాక 4 మిల్లీమీటర్లు పక్కకు పోతే, మరతో 2 మాత్రమే వెనక్కి తీసుకురా. మిగతా 2 అట్టముక్కలతో సర్దు. మళ్ళీ తిప్పి చూడు. మూడు నాలుగు సార్లకు కుదురుతుంది.

నిలువు చూడ్డానికి ఉండే రెండో గొట్టాన్ని, అంటే నిలువు గొట్టాన్ని, గోడమీద చూడాలి. మట్టం చదునుపక్కను గోడకు ఆనించి, బుడగను మధ్యకు తెచ్చి, అడుగు అంచు వెంట గీత గియ్యి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు మట్టాన్ని తిప్పి అదే అంచును గీత కింది కొసకు అవతలివైపు నుంచి ఆనించి, మళ్ళీ బుడగను మధ్యకు తెచ్చి రెండో గీత గియ్యి. రెండూ కలిసిపోతే సరే. పైన విడిపోతే నిజమైన నిలువు ఆ రెంటి నడుమ ఉంది. అనుమానం తీరకపోతే దారానికి తూకపు గుండు కట్టి వేలాడదియ్యి, గుండు ఎవరికీ మొహమాటపడదు.

ఇక చిత్రిక సంగతి. ఈ తప్పు ఎవరి చేతులు చేశాయో అడగకు. ఏం జరుగుతుందో మాత్రం వరసగా చెబుతాను.

బుడగ ఒక పక్కకు పోతోంది. చూడగానే తోచేది, ఇన్నేళ్ళ చెక్క, అడుగు వంకరపోయి ఉంటుంది, ఎత్తుగా ఉన్న వైపు రవంత చిత్రిక పడితే సరి అని. రెండు చివర్లలో ఇత్తడి రేకులు చెక్కతో సమంగా బిగించి ఉంటాయి కదా, చిత్రిక అలుగు మొదట వాటికి తగిలి పళ్ళు ఊడుతుంది. సరే, రేకులు విప్పుదామని స్క్రూలు తిప్పితే సన్నటి స్క్రూడ్రైవరు గాడిని తినేస్తుంది. విప్పి, అర మిల్లీమీటరు చెక్క తీసి, రేకులు మళ్ళీ బిగిస్తే అవి ఆ అర మిల్లీమీటరు బయటికి పొడుచుకొస్తాయి. వాటిని ఆకురాయితో రాస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరుగుతుంది. చెక్క నడుమ బొజ్జలా మిగులుతుంది, మట్టం ఊయలలా ఊగుతుంది. మళ్ళీ చిత్రిక. ఇంత తతంగం అయ్యాక కొత్తచెక్క తెల్లగా, పక్కలు నల్లగా కనిపించి చూడ్డానికి బాగులేదని ఉప్పుకాగితం పట్టుకుంటే తయారీదారు ముద్ర కాస్తా చెరిగిపోతుంది.

ఇంతకీ జబ్బు అడుగులో లేదే! గాజు గొట్టాన్ని కూర్చోబెట్టిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఒక చివర పొడిపొడి అయిపోయింది. ఇత్తడి పైరేకు విప్పి గొట్టాన్ని వేలితో మెల్లగా తాకి ఉంటే చాలు, ఊగేది, తెలిసిపోయేది. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. పైగా ఆ గొట్టాన్ని సరిగ్గా బిగించిన రోజున బుడగ అటువైపు పోవడం మొదలెడుతుంది, ఎందుకంటే చెక్కను వదులైన గొట్టానికి తగ్గట్టు కోసేశారు. ఇంకా ఘోరం నిలువు గొట్టానిది. అది అప్పటిదాకా నిజమే చెబుతోంది. దానికీ ఆధారం అదే అడుగు కాబట్టి 60 సెంటీమీటర్లకు అర మిల్లీమీటరు వాలుగా చెక్క తీస్తే, 2 మీటర్ల తలుపు చట్రం దగ్గర దాదాపు 1.7 మిల్లీమీటర్ల అబద్ధం చెబుతుంది. ఒక తప్పును దిద్దబోయి మంచిదాన్ని కూడా చెడగొట్టినట్టయింది.

అందుకని, తల్లీ, ముందు గొట్టం, తర్వాత స్క్రూలు, తర్వాత రేకులు, అన్నీ చూశాకే చెక్క. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది కానీ నిడివిలో మారేది బహు తక్కువ. పాతవాళ్ళు తిన్నటి చారలున్న చేవచెక్క ఏరుకున్నదీ, కొందరు రెండు మూడు బద్దలు అతికించి చేసిందీ మెలి తిరగకూడదనే. కొత్తచోటికి తెచ్చాక రెండు మూడు వారాలు కదపకుండా ఉంచి అప్పుడు అడుగు చూడు. మందపాటి గాజుపలక మీద పెట్టి వెనకనుంచి దీపం వేస్తే సందు కనిపిస్తుంది. నడుమ కాస్త గుంటగా ఉండి రెండు కొసలూ ఆనితే వదిలెయ్యి, అది పనికి అడ్డం కాదు. ఊగితేనే చెయ్యి పెట్టాలి, అదీ చిత్రికతో కాదు, చదును పలకకు అంటించిన సన్న ఉప్పుకాగితం మీద నాలుగు రుద్దులు రుద్దడమే.

గొట్టం వదులైతే ఇలా చెయ్యి. ప్లాస్టరు పొడిగానే సన్నటి మొనతో గోకి తియ్యి, నీళ్ళు పొయ్యకు. గొట్టం వంపు, గీతలు ఉన్న వైపు పైకే ఉండాలి. తలకిందులుగా పెడితే బుడగ మధ్యన నిలవదు, ఏదో ఒక కొసకు పరిగెడుతుంది. తిప్పి చూసి మట్టమని తేల్చుకున్న చోట కూర్చోబెట్టి, గట్టిపడని మెత్తటి లప్పం అడుగున పెట్టు. ప్లాస్టరు గట్టిపడ్డాక దిద్దుకోలేవు, లప్పం నీ తప్పును క్షమిస్తుంది. బుడగ గీతల దూరం దాటి పెద్దదైపోయి ఉంటే ద్రవం కారిపోతోందని అర్థం. మూతి కరిగించి మూసిన గొట్టంలో మళ్ళీ నింపలేం, అదే మందం, అదే పొడవున్న కొత్తది వెయ్యాలి. పాత గొట్టాన్ని పారెయ్యకు, దూదిలో చుట్టి దాచు.

శుభ్రం చెయ్యడానికి పొడిగుడ్డ, తర్వాత పలచగా మైనం. ఇత్తడిని అద్దంలా తోమకు, తోమే మందు చెక్క రంధ్రాల్లో తెల్లగా ఇరుక్కుంటుంది. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో అట్టముక్కకు గుచ్చి గుర్తుపెట్టుకో. అవిసె నూనె పూయాలని సరదా పడతావేమో, పూసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే తనంతట తానే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. గుడ్డను విప్పి, పరిచి, బయట ఆరనియ్యి. ఈ ఒక్కదాంట్లో నాకు మాటియ్యి.

విలువ అడిగావట. ముద్ర చూడు. స్టాన్లీ రూల్ అండ్ లెవల్ కంపెనీ అమెరికాలో కనెక్టికట్‌లోని న్యూ బ్రిటన్‌లో 1857లో ఏర్పడింది, వాళ్ళ చెక్క మట్టాలు లెక్కలేనన్ని. మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో స్ట్రాటన్ బ్రదర్స్ అంచుల వెంట ఇత్తడి తాపిన రోజ్‌వుడ్ మట్టాలు చేశారు, సేకరించేవాళ్ళ కళ్ళు వాటిమీదే. బర్మింగ్‌హామ్‌లోని జాన్ రేబోన్ అండ్ సన్స్ ఇంకొకరు. రేకు మీద పేటెంటు తేదీ ఉంటే అది తయారైన తేదీ కాదు, ఆ తేదీ తర్వాత చేశారని మాత్రమే. పాత మెరుగు, పగలని గొట్టం, చదవగలిగే ముద్ర, ఈ మూడూ ఉంటే చెక్క మీది గీతలకు విలువేమీ తగ్గదు. రోజ్‌వుడ్ అయితే ఎవరికైనా విదేశానికి పంపే ముందు అనుమతుల సంగతి కనుక్కో, 2017 నుంచి ఆ జాతి కలప మొత్తం అంతర్జాతీయ వర్తక నియంత్రణలో ఉంది.

ఎండలో, మూసిన కారులో వదలకు. 10 డిగ్రీలు పెరిగితే ఆల్కహాలు సుమారు 1 శాతం ఉబ్బుతుంది, బుడగ చిక్కిపోతుంది. బుడగ పూర్తిగా మాయమయ్యాక ఇంకా వేడెక్కితే గాజు పగులుతుంది. చిక్కినా లావైనా ఒక కొసనే చూడకు, రెండు కొసలూ గీతలకు సమాన దూరంలో ఉన్నాయా అని చూడు.

అలమారల వరస 3 మీటర్లన్నావు. 60 సెంటీమీటర్ల మట్టాన్ని ఒకే తీరున జరుపుకుంటూ పోతే మీటరుకు 1 మిల్లీమీటరు తప్పు చివరికి 3 అవుతుంది. జరిపిన ప్రతిసారీ చివరలు మార్చి పెట్టు, ఒకసారి పెరిగిన తప్పు ఇంకోసారి తరుగుతుంది. మట్టం పెట్టిన సార్లు బేసి సంఖ్యలో ఉంటే ఒక తప్పు మిగులుతుంది, కాబట్టి సరి సంఖ్యలో చూసుకో. అంతకన్నా మేలు, తిన్నటి పొడుగు బద్ద మీద మట్టం పెట్టి గీత గియ్యడం.

గోడకు రంధ్రం పెట్టకముందు బల్లమీది కొలతలు రెండూ, గోడమీది రెండు గీతలూ ఫొటో తీసి నాకు పంపు. కుర్చీ ఎక్కి పైనున్నవి బిగించకు, నిచ్చెన తెచ్చుకో, కింద మీ నాన్నను పట్టుకోమను. వాడు భయపడుతూనే పట్టుకుంటాడు, గట్టిగానే పట్టుకుంటాడు.

నీ పెదనాన్న