హాస్య కథలు రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథలు చదివాను. హాస్యం ఎలా పండించాలని అడిగావు కదా. మహిళా మండలి కథలో లెక్కలు చూసే పిన్నిగారికి నాలుగు రూపాయల తేడా వస్తే నిద్ర పట్టదని రాశావే, అక్కడ హాయిగా నవ్వుకున్నాను. తర్వాత ఆవిడ లావునీ, ఇంగ్లీషునీ వెక్కిరించావు. ఇక నవ్వు రాలేదు, ఆవిడ మీద జాలేసింది. ఆ నాలుగు రూపాయల దగ్గరే ఇంకాసేపు ఉండాల్సిందమ్మా.

ఇంగ్లండ్ రచయిత్రి బార్బరా పిమ్ అయితే అక్కడే ఉండేది. 1952లో వచ్చిన ఆమె నవల 'ఎక్సెలెంట్ విమెన్'లో కథ చెప్పేది మిల్‌డ్రెడ్ అనే పెళ్లికాని ఆవిడ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన లండన్, రేషన్ రోజులు, చర్చి పనులు. ఒకచోట తోటి ఆవిడ టీ సిద్ధం చేస్తుంటే, 'మనకిప్పుడు టీ అవసరమా?' అని మిల్‌డ్రెడ్ అడుగుతుంది. అవతలావిడ మనసు చివుక్కుమంటుంది, కోపం కూడా వస్తుంది. ఆవిడ లోలోపల నమ్ముకున్నదాన్నే తాను కదిలించానని మిల్‌డ్రెడ్‌కి అర్థమవుతుంది. ఎంత నవ్వొస్తుందో! కానీ టీ కోసం నొచ్చుకున్న ఆ మనిషిని పిమ్ ఎక్కడా చులకన చెయ్యదు. హాస్యానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

పిమ్ 1913లో పుట్టింది, ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది. లండన్‌లోని ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ల తరబడి సంపాదక విభాగంలో పనిచేస్తూనే నవలలు రాసింది. ఆ ఆఫీసుకొచ్చే మానవశాస్త్రవేత్తలు కూడా ఆమె నవలల్లోకి వచ్చేశారు.

ఇక నీ రెండో ప్రశ్న. కథ తిప్పి పంపారని టెన్షన్ పడుతున్నావు, ఇప్పుడు నడిచేవి థ్రిల్లర్లే కాబట్టి అవే రాస్తానంటున్నావు. పిమ్‌వి 1950 నుంచి 1961 దాకా ఆరు నవలలు వచ్చాయి. 1963లో ఏడోదాన్ని పాత ప్రచురణకర్తలే వద్దన్నారు. మిగతావాళ్లూ తీసుకోలేదు. పద్నాలుగేళ్లు కొత్త నవల ఒక్కటీ అచ్చు కాలేదు. ఆ మధ్యలోనే క్యాన్సర్ ఆపరేషన్, బ్రెయిన్ స్ట్రోక్. అయినా నోటు పుస్తకాల్లో రాసుకుంటూనే ఉంది. రిటైర్మెంటుకి దగ్గరపడిన, ఒంటరిగా బతికే నలుగురు ఆఫీసు ఉద్యోగుల మీద 'క్వార్టెట్ ఇన్ ఆటమ్' రాసింది. అందులో మార్షియా ఖాళీ పాల సీసాలు దాచిపెట్టుకుంటుంది. అదీ నవ్విస్తుంది, తర్వాత గుండె బరువెక్కిస్తుంది.

1977లో ఒక సాహిత్య పత్రిక, తగిన గుర్తింపు రాని రచయితలెవరని అడిగితే, కవి ఫిలిప్ లార్కిన్, విమర్శకుడు డేవిడ్ సెసిల్ ఇద్దరూ పిమ్ పేరే చెప్పారు. ఆ ఏడాదే 'క్వార్టెట్' అచ్చయి బుకర్ బహుమతి తుది జాబితాకి వెళ్లింది. 1980 జనవరిలో ఆమె చనిపోయింది. ఓపిక పడితే చాలు, అన్నీ అవే వస్తాయని నీకు చెప్పను. వాళ్లిద్దరూ ఆ మాట అనకపోతే ఏమయ్యేదో! కానీ అప్పటికి పిమ్ చేతిలో నవల సిద్ధంగా ఉంది, అదీ తన తీరులో రాసుకున్నదే.

థ్రిల్లర్ నీకు నిజంగా ఇష్టమైతే రాయి, అడ్డు చెప్పను. ముందు మాత్రం ఆ పిన్నిగారి కథ మళ్లీ రాయి. ఆవిడ రాత్రి లేచి, లైటు వేసుకుని, లెక్కల పుస్తకం మళ్లీ మొదటి నుంచి కూడుతుందనుకో. ఆ నాలుగు రూపాయలు ఎక్కడ పోయాయో నువ్వూ ఆవిడతో కూర్చుని వెతుకు. రాశాక నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి