కిటికీకి దుప్పటి కట్టిన అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల గుంటలు సాగు చేస్తాను. మా అమ్మాయి ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. దసరాకు వాళ్ల మేనమామ ప్రోగ్రామ్ రాసి నడిపించే బొమ్మ రోబో ఒకటి కొనిచ్చాడు. నేల మీద నల్ల టేపు అంటిస్తే దాని వెంబడే పోతుంది. అప్పటి నుంచి బడి నుంచి రాగానే దానితోనే కాలక్షేపం. ఒక ఆదివారం పట్టపగలు కిటికీకి దుప్పటి కట్టి చీకట్లో కూర్చుంది. అడిగితే, ఎండలో బొమ్మ దారి తప్పుతోందని చెప్పింది. నెల్లూరులో ఒక శిక్షణ సంస్థ వారు కృత్రిమ మేధ, రోబోటిక్స్ కలిపి పిల్లలకు ఏడాది కోర్సు ఉంది, ఫీజు 40 వేలు అంటున్నారు. చేర్పించమంటారా? ఈ బొమ్మలకూ కృత్రిమ మేధకూ నిజంగా సంబంధం ఉందా? ఆ రంగం నిలబడుతుందా, మోజు తీరాక పడిపోతుందా? చదువు పాడవుతుందేమోనని వాళ్ల అమ్మ భయపడుతోంది.

జవాబు: ముందు ఆ దుప్పటి సంగతి చూద్దాం. మీ అమ్మాయి గురించి ప్రోగ్రెస్ కార్డు చెప్పని విషయం అది చెబుతోంది.

ఆ బొమ్మను తిరగేసి చూడండి. అడుగున చిన్న చిన్న గాజు పూసల్లాంటివి జంటలుగా ఉంటాయి. జంటలో ఒకటి కంటికి కనిపించని పరారుణ కాంతిని నేల మీదికి వదులుతుంది, రెండోది తిరిగి వచ్చిన కాంతిని కొలుస్తుంది. తెల్లని నేల ఎక్కువ కాంతిని తిప్పి పంపుతుంది, నల్ల టేపు చాలావరకు మింగేస్తుంది. ఆ తేడాను బట్టే బొమ్మ దారి పట్టుకుంటుంది. అయితే ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది. కిటికీ లోంచి ఎండ పడితే రెండూ కలిసిపోయి, ఏది నలుపో ఏది తెలుపో దానికి తెలియదు. ఈ శాస్త్రమంతా మీ అమ్మాయికి తెలిసి ఉండకపోవచ్చు. కానీ కారణం వెలుతురే అయి ఉండాలని ఊహించింది, ఆ ఒక్కదాన్నే ఆపి మళ్లీ నడిపి చూసింది. ప్రయోగం అంటే అదే. ఎవరూ చెప్పకుండా చేసింది కనుక నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. అలాంటి బొమ్మలను నడిపే చాలా సర్క్యూట్ బోర్డుల్లో ఆ కొలత 0 నుంచి 1023 వరకు ఒక అంకెగా వస్తుంది. ప్రోగ్రామ్‌లో మనం 500 దాటితే తెలుపు, తగ్గితే నలుపు అని రాస్తాం. ఆ 500ను మనిషే పెట్టాడు. బొమ్మ తనంతట తాను నేర్చుకున్నది ఏమీ లేదు. కాబట్టి టేపు వెంట నడిచే బొమ్మను కృత్రిమ మేధ అనలేం. అయితే ఇలా చేస్తే ఏమవుతుంది? పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి దీపం కింద కొన్ని వందల కొలతలు తీసి, ఏది నలుపు మీద వచ్చింది, ఏది తెలుపు మీద వచ్చింది అని పక్కన రాసి, ఆ పట్టికను యంత్రానికి ఇచ్చి, హద్దు నువ్వే కనుక్కో అంటే? అక్కడ మొదలవుతుంది యంత్రం నేర్చుకోవడం. ఫోను మీ ముఖాన్ని గుర్తుపట్టడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. అక్కడ ఒక్క హద్దుకు బదులు లక్షల అంకెలను యంత్రం సరిచేసుకుంటుంది.

మీ అమ్మాయి ఒక నోటుపుస్తకంలో ఆ పట్టిక రాయడం మొదలుపెడితే, 40 వేల కోర్సులో దొరకవలసిన మొదటి పాఠం ఇంట్లోనే పూర్తవుతుంది. ఆ హద్దు గీయడానికి కావలసిన సరంజామా పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. నిరూపక రేఖాగణితం, సాంఖ్యక శాస్త్రం ఇప్పుడే చదువుతోంది. ఇంటర్‌లో మాత్రికలు, సదిశలు, అవకలనం, సంభావ్యత వస్తాయి. వాళ్ల అమ్మగారికి ఈ మాట చెప్పండి: లెక్కలను పక్కన పెట్టి బొమ్మతో ఆడితేనే నష్టం. ఆ రోజు లెక్కలు పూర్తయ్యాక గంటసేపు బొమ్మ ముందు కూర్చుంటే, చదువుకు అది తోడే అవుతుంది.

రంగం నిలబడుతుందా అన్న అనుమానం అర్థం లేనిది కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో 1956లో జరిగిన సమావేశంతో ఈ రంగానికి పేరు స్థిరపడింది. తర్వాత 1970లలో ఒకసారి, 1980ల చివర మరోసారి ఆశలు అడుగంటి నిధులు చాలావరకు ఆగిపోయాయి. మళ్లీ లేచింది. 1997లో చదరంగంలో, 2016లో గో అనే పలక ఆటలో మేటి ఆటగాళ్లను యంత్రం ఓడించింది. ఇప్పుడు ఫోన్లలోకే వచ్చేసింది. ఉత్సాహం మళ్లీ తగ్గినా పని మాత్రం ఆగదని నా నమ్మకం.

కానీ ఒక తేడా గమనించండి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసేందుకు గుంటలో ఉంచే చెక్ ట్రేను మీరు పైకి లాగి, ఒక రొయ్యను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి పేగు నిండుగా ఉందో లేదో చూస్తారు. ఫొటో ఇస్తే పేగు నిండిందా అని చెప్పడం యంత్రానికి నేర్పవచ్చు. తడిగా, మెత్తగా, ఎగిరిపడే ఆ ప్రాణిని నలపకుండా పట్టుకోవడమే రోబో చేతికి నేటికీ కష్టం. యంత్రానికి చదరంగం సులువు, ఏడాది పిల్లవాడు చేసే పని కష్టం అని హాన్స్ మోరవెక్ అనే రోబో శాస్త్రవేత్త 1980లలోనే గుర్తించాడు. అందుకే రోబోల్లో చేయవలసిన పని ఇంకా చాలా మిగిలి ఉంది. మరోవైపు మామూలు ప్రోగ్రామ్‌లు ఇప్పుడు కృత్రిమ మేధే రాసిపెడుతోంది. ప్రోగ్రామ్ రాయడం వచ్చు అన్న సర్టిఫికెట్‌కు విలువ తగ్గుతుంది. అది రాసినదాంట్లో తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగినవారికి విలువ పెరుగుతుంది. మీ అమ్మాయి దుప్పటి కట్టి చేసింది ఆ రెండో పనే.

కనుక ఆ కోర్సులో ఇప్పుడు చేర్చవద్దు. తొమ్మిదో తరగతిలో ఏడాది కోర్సు చేసిన కాగితాన్ని ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఎవరూ అడగరు. ఖరీదైన మరో కిట్టు కూడా కొనవద్దు. లెగో సంస్థ 1998లో మొదలుపెట్టిన మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్లంతటి పేరున్నవాటి అమ్మకాలే 2022 చివర ఆగిపోయాయి. కొన్ని వందల రూపాయల ఆర్డుయినో తరహా బోర్డు (ప్రోగ్రామ్ ఎక్కించి నడిపే చిన్న సర్క్యూట్), రెండు మూడు సెన్సర్లు చాలు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్, సర్క్యూట్లను కంప్యూటర్‌లోనే కట్టి చూసే టింకర్‌క్యాడ్ ఉచితం. పాఠశాలలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు ఇలాంటి పరికరాలు చేసి చూసేందుకు కేంద్ర ప్రభుత్వ సాయంతో పెట్టే ప్రయోగశాల) ఉందేమో కనుక్కోండి. ఉంటే తాళం వేసి ఉంచకుండా పిల్లలకు తెరవమని తల్లిదండ్రులుగా గట్టిగా అడగండి.

పదో తరగతి తర్వాత రెండు దారులు. పదో తరగతి మార్కులతో ఆర్‌జీయూకేటీ (ట్రిపుల్ ఐటీలను నడిపే విశ్వవిద్యాలయం) ఆరేళ్ల సమీకృత చదువులో చేరవచ్చు, ఒంగోలు క్యాంపస్ కూడా అందులోదే. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అక్కడ అదనపు వెయిటేజీ ఉంటుంది. మీ అమ్మాయికి అది వర్తించదు కనుక మార్కులు గట్టిగా రావాలి. లేదా ఇంటర్ ఎంపీసీ చదివి జేఈఈ, ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఐఐటీ హైదరాబాద్ 2019లోనే కృత్రిమ మేధలో బీటెక్ ప్రారంభించింది. ఇప్పుడు ఆ బ్రాంచి పేరు లేని కళాశాల అరుదు. పేరు చూసి చేరవద్దు. మంచి కళాశాలలో ఎలక్ట్రానిక్స్ వస్తే, బోధకులు లేని చోట కృత్రిమ మేధ సీటును నిస్సంకోచంగా వదులుకోండి. చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట పుట్టిన రాజ్ రెడ్డి గారు చెన్నైలోని గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. ఆయనే 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం పొందారు. ఆర్‌జీయూకేటీకి మొదటి కులపతి కూడా ఆయనే. ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పండి.

ఈ వేసవికి ఒక పని ఇవ్వండి. రాత్రి కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ ఎంత పడిపోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కరెంటు పోగానే మోగే గంట ఒకటి తయారుచేయమనండి. మోటారు తీగల జోలికి అస్సలు పోనివ్వవద్దు. కాపలా షెడ్డులో ఫోను ఛార్జరు ఇచ్చే 5 వోల్టులను బ్యాటరీతో నడిచే బోర్డు గమనిస్తూ ఉంటే చాలు, అవి ఆగగానే గంట మోగుతుంది. నెలల తరబడి సరిగా పనిచేసిందని తేలేదాకా కాపలా మనిషిని మాత్రం మాన్పించవద్దు.

ఒక రాత్రి మూడు ఫేజుల్లో ఒకటే పోతుంది. ఛార్జరు ఉన్న ఫేజు బాగానే ఉంటుంది కనుక గంట మోగదు, మూడు ఫేజులూ ఉంటేనే నడిచే ఏరేటర్లు మాత్రం ఆగుతాయి. తాను చేసింది ఎందుకు పనిచేయలేదని మీ దగ్గరికే వస్తుంది. అప్పుడు స్టార్టరు పెట్టె దగ్గరికి తీసుకెళ్లి, మూత తెరవకుండానే, పైన ఎరుపు, పసుపు, నీలం దీపాలు మూడు విడివిడిగా ఎందుకున్నాయో మీరే చెప్పండి.