ట్రాన్స్‌పాండర్ ఆన్ చేయాలా, వద్దా?

ప్రశ్న: గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) నడపడం నేర్చుకుంటున్నాను. మా గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ (రాడార్ అడిగితే మనమెవరో, ఎంత ఎత్తులో ఉన్నామో రేడియోలో జవాబిచ్చే పెట్టె) ఉన్నా, బ్యాటరీ అయిపోతుందని సీనియర్లు ఆన్ చేయనివ్వరు. రాడార్‌కి ఎలాగూ కనిపిస్తాం కదా, అది లేకపోతే నష్టమేంటి?

జవాబు: గాల్లోకి లేవకముందే ఆన్ చేయండి. మళ్ళీ నేల మీద ఆగేదాకా దాన్ని ముట్టుకోకండి. నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఇదే చెబుతాను.

ఎలాగూ కనిపిస్తామన్న ఆ ధీమాయే నాకు భయం. ఫైబర్‌గ్లాస్ ఒంటి మీంచి రాడార్ తరంగాలు లోహం మీంచి వచ్చినంత బలంగా తిరిగి రావు. పైగా థర్మల్‌లో, అంటే పైకి లేచే వేడిగాలిలో, అక్కడక్కడే గిరికీలు కొడుతున్న గ్లైడర్‌ని, పక్షుల్నీ వానమబ్బుల్నీ తీసేసే ఫిల్టరే తెర మీద లేకుండా చేసేయొచ్చు. నేల మీంచి రాడార్ చూస్తూ విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ ఎంత శ్రద్ధగా చూసినా అక్కడ మీరుండరు.

2006 ఆగస్టు 28న అమెరికాలోని నెవాడాలో, దాదాపు 16,000 అడుగుల ఎత్తున, రీనోలో దిగడానికి వస్తున్న హాకర్ జెట్ ఒక గ్లైడర్‌ని ఢీకొట్టింది. గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది. దగ్గర్లోనే ఎగురుతున్నాం కదా, బ్యాటరీ రేడియోకి మిగలాలి అని పైలట్ దాన్ని ఆన్ చేయలేదు. మీ సీనియర్లు చెప్పే కారణమే చూడండి! గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దూకాడు, జెట్ చక్రాలు దించకుండానే కార్సన్ సిటీలో దిగింది. ఎవరూ చనిపోలేదు.

ఆ జెట్‌లో టీకాస్ ఉంది, అంటే దగ్గరికొచ్చే విమానాల్ని పసిగట్టి గుద్దుకోకుండా పైలట్‌ని హెచ్చరించే పరికరం. టీకాస్ 1030 మెగాహెర్ట్జ్‌లో అడిగితే ట్రాన్స్‌పాండర్ 1090లో జవాబిస్తుంది. జవాబు లేకపోతే దానికి మీరు లేనట్టే. జవాబులో ఎత్తు లేకపోయినా, పైకి వెళ్ళమనో కిందికి దిగమనో పైలట్‌కి చెప్పలేదు. అందుకే స్విచ్ ఎత్తు కూడా పంపే 'ఆల్ట్' మీద ఉందో లేదో చూసుకోండి. ఫ్లార్మ్ (గ్లైడర్లు ఒకదానికొకటి తామెక్కడున్నామో చెప్పుకునే హెచ్చరిక పరికరం) ఉంది చాలంటారు కొందరు. తోటి గ్లైడర్ల విషయంలో అది బంగారమే, కానీ టీకాస్‌కి దాని మాట వినపడదు.

ఇక బ్యాటరీ. ఇప్పటి ట్రాన్స్‌పాండర్లు చాలావరకు అర ఆంపియర్ లోపే తీసుకుంటాయి. పాత లెడ్ బ్యాటరీ మార్చి లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది వేస్తే రేడియో, వేరియోమీటర్ (ఎంత వేగంగా పైకి లేస్తున్నామో, దిగుతున్నామో చూపేది)లతో కలిపి మధ్యాహ్నమంతా హాయిగా లాగుతుంది. అమెరికాలో చాలాచోట్ల గ్లైడర్లకు ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి కాదన్న మినహాయింపు ఉన్నా, ఉన్నదాన్ని ఆపేయడానికి అది సాకు కాదు. అక్కడ కంట్రోలర్‌తో మాట్లాడని గ్లైడర్లకు ట్రాన్స్‌పాండర్‌లో పెట్టుకోవడానికి 1202 అని విడిగా కోడ్ కూడా ఉంది.

వోల్టేజ్ నిజంగానే పడిపోతుంటే ముందు జెట్‌లు దిగే దారిలోంచి బయటికి రండి. కంట్రోలర్‌తో మాట్లాడుతూ ఉంటే, ఆపుతున్నానని చెప్పి ఆపండి.