కణాలు లేని వరుసలో కూడా ఊదారంగు వచ్చింది

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొక్కల్లోని పదార్థాలు కాలేయం దెబ్బతినకుండా కాపాడతాయా, క్యాన్సర్ రాకుండా అడ్డుపడతాయా అన్నదాని మీదే పీహెచ్‌డీ చేస్తానన్నావు. చాలా సంతోషం. ముప్పై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నవాణ్ణి, నాకు తెలిసిందేదో చెబుతాను.

ముందు ఒక తేడా గట్టిగా పట్టుకో. బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టీన్, యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన టాక్సాల్ జబ్బు వచ్చినవాళ్లకిచ్చే మందులు. ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి జుట్టు ఊడినా, కాళ్లు తిమ్మిరెక్కినా ఓర్చుకుంటారు. నువ్వు వెతుకుతున్నది జబ్బు రాకుండా ఆపేదాన్ని. 1976లో మైకేల్ స్పోర్న్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి కీమోప్రివెన్షన్ అని పేరు పెట్టాడు. దాన్ని మింగేది ఏ జబ్బూ లేని మనిషి, అదీ ఏళ్ల తరబడి. అతనికి మన వల్ల వీసమెత్తు హాని జరిగినా మనం ఓడిపోయినట్టే.

బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ సంగతి అందుకే చదవమంటాను. కూరగాయలూ పళ్లూ బాగా తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, అందులోని బీటా కెరోటిన్ వల్లే అనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లను 29,133 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఏళ్ల తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చి చేసిన మరో పరీక్షలో 28 శాతం ఎక్కువ తేలింది. దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ పరీక్షలు పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, మంచి మనసుతోనే పెట్టారు. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట వినపడినప్పుడల్లా నాకు ఆ మనుషులే గుర్తొస్తారు.

ఇక నీ బల్ల దగ్గరికి వద్దాం. నేల ఉసిరితో మొదలుపెడతానన్నావు. ఏ నేల ఉసిరి? ఫిలాంథస్ అమారసా, నిరూరీనా, మదరాస్పటెన్సిసా? ఎండిపోయి పొడైపోయాక మూడూ ఒకేలా ఉంటాయి. పువ్వూ కాయా ఉన్న కొమ్మను కోసి, నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్రజ్ఞుడితో గుర్తింపజేసి, ఎండిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో నంబరు వేయించాకే సారం తీయి. ఈ మొక్క కథ కూడా తెలుసుకో. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హెపటైటిస్ బి వైరస్‌ను మోస్తున్న 37 మందికి అమారస్ పొడి ఇస్తే 22 మంది రక్తంలో ఆ వైరస్ పైపొర ప్రొటీన్ కనిపించకుండా పోయింది. ఉత్తి గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లోకమంతా ఆశపడింది. తర్వాత వేరేచోట్ల చేసినవాళ్లకు ఆ ఫలితం రాలేదు. మొక్క వేరా, కోసిన కాలం వేరా, మనుషులు వేరా, లేక మొదటిదే కాకతాళీయమా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. వాళ్లు వాడిన పొడిలో ఏ పదార్థం ఎంతుందో కొలిచి ఉంటే ఆ వాదన ఎంత చిన్నదయ్యేదో! నువ్వు తీసే ప్రతి సారాన్నీ, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో నడిపి ఆ బొమ్మను దాచుకో.

నాకు జరిగింది కూడా చెబుతాను. కాలేయ కణాలకు పారాసిటమాల్ పోసి, పక్కన మా ఆకు సారం కలిపి ఎంటీటీ పరీక్ష చేస్తున్నాం. పసుపు రంగు ద్రావణం పోస్తే, బతికున్న కణం దాన్ని ఊదారంగు చేస్తుంది. రంగు ఎంత చిక్కనైతే అన్ని కణాలు బతికినట్టు. సారం పెంచినకొద్దీ రంగు చిక్కబడుతూ వచ్చింది. ఐదు నెలలు అదే ఫలితం, గ్రాఫులు కూడా గీసేశాం. ఒకరోజు మా విద్యార్థిని గుంటల ప్లేటులో ఒక వరుసలో కణాలు వేయడం మరిచిపోయి, సారం మాత్రం వేసింది. సాయంత్రం ప్లేటు ఎత్తి దీపం కింద పెడితే ఆ వరుస కూడా ముదురు ఊదారంగులో ఉంది. ఒక్క కణం లేదు! సారంలోని పాలీఫినాల్స్ అనే మొక్క పదార్థాలే రంగు మార్చేస్తున్నాయి. ఆ అమ్మాయి ఏడ్చేసింది, తన తప్పనుకుని. నిజానికి మమ్మల్నందర్నీ కాపాడింది తనే. అప్పటినుంచి మా ల్యాబులో కణాలు లేని వరుస లేకుండా ఏ ప్లేటూ పెట్టలేదు. నువ్వూ పెట్టకు. రంగు పోసేముందు సారాన్ని కడిగేయి, రంగుతో సంబంధంలేని ఇంకో పద్ధతిలో కూడా కణాలు లెక్కపెట్టు.

హెప్‌జీ2 కణాలు వాడతానన్నావు. అవి కాలేయ కణితి నుంచి వచ్చినవే గానీ, మందుల్ని మార్చే ఎంజైములు వాటిలో చాలా తక్కువ. పారాసిటమాల్ తనంతట తాను కాలేయాన్ని చంపదు. సీవైపీ2ఈ1 లాంటి ఎంజైములు దాన్ని నాప్‌కీ అనే విషంగా మార్చి, అది కణాన్ని కాపాడే గ్లూటాథయోన్‌ను ఖాళీ చేశాకే కణం చస్తుంది. ఆ ఎంజైమే సరిగా లేని కణంలో నువ్వు దేన్నుంచి కాపాడుతున్నట్టు?

ఎలుకల్లో ఇదే చిక్కు ఇంకో వేషంలో వస్తుంది. సారాన్ని ముందు పట్టించి, గంట తర్వాత పారాసిటమాలో కార్బన్ టెట్రాక్లోరైడో ఇస్తారు. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ తగ్గితే కాలేయాన్ని కాపాడిందని రాసేస్తారు. సారం ఆ ఎంజైమును ఆపేసి ఉంటే విషమే తయారవదు. అది రక్షణ కాదు. ఇంకా ఘోరం, సారం కరగదని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కలుపుతారు. ఆ డీఎంఎస్ఓ ఒక్కటే ఇచ్చినా ఎంజైము ఆగి కాలేయం బాగుంటుంది. ద్రావకం మాత్రమే ఇచ్చిన గుంపు తప్పకుండా ఉండాలి. విషం ఇచ్చిన తొలి గంటలో గ్లూటాథయోన్ మామూలుగానే పడిపోయిందో లేదో చూడు. విషం తయారయ్యాక కూడా సారం ఇచ్చి చూడు. పారాసిటమాల్‌కు పెద్ద ఎలుకలు అంతగా లొంగవు, చిట్టెలుకలే సరైనవి. కాలేయం ముక్కలు చూసే పెథాలజిస్టుకు ఏది ఏ గుంపుదో చెప్పకు.

మోతాదు లెక్క కూడా ముందే వేసుకో. పెద్ద ఎలుకకు కిలోకు 500 మిల్లీగ్రాములంటే, ఎలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చే అంకె 6.2తో భాగిస్తే మనిషికి కిలోకు దాదాపు 80. అరవై కిలోల మనిషి రోజూ దాదాపు 5 గ్రాముల సారం మింగాలి. మింగగలడా?

హాని మాట మళ్లీ ఎత్తుతున్నాను, విసుక్కోకు. గ్రీన్ టీ సారం మాత్రలతో, పసుపు మాత్రలతో, తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్నవాళ్ల వివరాలు పత్రికల్లో ఉన్నాయి. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన మాత్రలుగా తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. విషం ఇవ్వని ఆరోగ్యకరమైన జంతువులకు సారం ఒక్కటే మూడు నెలలు ఇచ్చిన గుంపు నీ పథకంలో కనపడలేదు. చేర్చు.

ఇంత చెప్పానని నిరుత్సాహపడకు. చైనాలోని చిదోంగ్‌లో, మొక్కజొన్నకు పట్టే బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం వల్ల కాలేయ క్యాన్సర్ ఎక్కువగా ఉండేది. అక్కడ 180 మందిలో సగం మందికి పత్రహరితం నుంచి చేసిన క్లోరోఫిలిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, నాలుగు నెలలు ఇచ్చారు. అఫ్లాటాక్సిన్ డీఎన్ఏను పాడుచేసిన గుర్తు మూత్రంలో 55 శాతం తగ్గింది. ఏ విషం, ఎవరికి, ఏ దారిన వస్తోందో తెలిసి పెట్టిన పరీక్ష అది. నాకు బాగా నచ్చింది. అయినా అక్కడ కాలేయ క్యాన్సర్ మరణాలు తగ్గడంలో పెద్ద పాలు జనం మొక్కజొన్న మాని వరికి మారడానిది. తైవాన్‌లో 1984 నుంచి పసిపిల్లలకు వేసిన హెపటైటిస్ బి టీకా చేసిన మేలు సరేసరి. నీ పరిశోధన పత్రం ముందుమాటలో ఈ రెండూ రాయి.

వచ్చే ఉత్తరంలో రెండు పంపు: నీ మొక్క హెర్బేరియం నంబరు, కణాలు లేని వరుసతో తీసిన మొదటి ప్లేటు ఫొటో. అవి చూశాక మోతాదులు ఇద్దరం కూర్చుని వేసుకుందాం.

ఇట్లు,
నీ పెదనాన్న