టెక్ సందేహాలు: పెరటి పిట్టల లెక్కకు ఏ యాప్, ఎంతసేపు?

ప్రశ్న: ఫిబ్రవరిలో జరిగే పక్షుల లెక్కలో పిల్లలతో కలిసి పాల్గొనాలనుకుంటున్నాం. ఫోన్‌లో మెర్లిన్ ఉంది. అదొక్కటే చాలదా? (విజయనగరం)

పాల్గొనడానికైతే చాలండీ, మెర్లిన్‌లో సేవ్ చేసిన పిట్ట కూడా లెక్కలోకొస్తుంది. పూర్తి జాబితా పంపాలంటే మాత్రం ఈబర్డ్ యాప్ కూడా కావాలి. మెర్లిన్ ముఖ్యంగా పిట్ట పేరు చెప్పడానికి, ఈబర్డ్ పూర్తి లెక్క పంపడానికి. రెండూ అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ తయారుచేసినవే. రెండూ ఉచితం, ఒకే ఖాతాతో తెరుచుకుంటాయి. మీరడిగిన లెక్క పేరు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. 1998లో మొదలైంది, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఏటా ఫిబ్రవరి మూడో సోమవారంతో ముగిసే నాలుగు రోజులు జరుగుతుంది.

ముందురోజే ఈబర్డ్‌లో ఖాతా తెరిచి, మన ప్రాంతపు పక్షుల పేర్లుండే ప్యాక్‌ను వైఫై మీద దించుకోండి. పొద్దున్నే మేడ మీదికెళ్లి చెక్‌లిస్ట్ (చూసిన పక్షుల జాబితా) మొదలుపెట్టండి. రేకుల కప్పు కింద నిలబడితే జీపీఎస్ తప్పు చోటు చూపించవచ్చు. కనీసం 15 నిమిషాలు చూడాలి. పిల్లలు విసుక్కోకుండా ఉంటే అరగంట చూడండి.

చివర్లో యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని. ‘అవును’ అనగలిగేలా లెక్క చేయడమే అసలు పని. పాలపిట్ట ఒక్కటే రాసి కాకుల్ని వదిలేస్తే ఆ జాబితా సగం పనికే వస్తుంది. అన్నీ రాసిన జాబితాలో పిచ్చుక లేకపోతే, ఆ పూట అక్కడ పిచ్చుక కనబడలేదన్న సమాచారం కూడా దొరుకుతుంది. పిచ్చుకలు తగ్గాయో పెరిగాయో తేలేది అలాంటి జాబితాల నుంచే.

కాకుల్లోనూ రెండు రకాలున్నాయి. మెడ బూడిదరంగులో ఉంటే ఊరకాకి, ఒళ్లంతా నలుపైతే బొంతకాకి. యాప్‌లో వాటిని విడివిడిగా రాయాలి.

ప్రశ్న: జామచెట్టు మీదికి గోరింకలు వచ్చి పోతుంటాయి. పాప పన్నెండంటుంది, బాబు ఐదంటాడు. ఏది రాయాలి? (రాజాం)

ఒకేసారి కళ్లబడిన గోరింకల్లో ఎక్కువ సంఖ్య ఎంతో అది రాయండి. వచ్చిపోయిన ప్రతిసారీ కలుపుకుంటూ పోతే ఒకే గోరింక నాలుగుసార్లు లెక్కలోకొస్తుంది. ఒకరు చూస్తూ చెబితే ఇంకొకరు నోట్‌బుక్‌లో గీతలు గీయాలి. ఐదు నిమిషాలకోసారి పనులు మార్చుకుంటే ఇద్దరికీ సరదా. లెక్కపెట్టలేనప్పుడు ‘ఎక్స్’ అని కొట్టే వీలుంది గానీ, దానివల్ల ఎన్ని ఉన్నాయో తెలియదు. దగ్గరదగ్గరగా అయినా ఒక అంకె వేయడం మేలు.

ఇంట్లో ఇద్దరికి ఖాతాలుంటే ఎవరికి వారు పంపకండి. ఒకరు పంపి, ‘షేర్’ నొక్కి రెండోవారిని చేర్చాలి. లేకపోతే అవే పిట్టలు రెండుసార్లు లెక్కకెక్కుతాయి.

మేడ మీద అటూఇటూ తిరిగితే యాప్ దాన్ని ‘ట్రావెలింగ్’ (నడుస్తూ చేసిన లెక్క) అనుకోవచ్చు. 30 మీటర్లు దాటలేదంటే పంపేముందు ‘స్టేషనరీ’ (ఒకేచోట ఉండి చేసిన లెక్క)గా మార్చండి.

ప్రశ్న: కూత విని పేరు చెప్పే మెర్లిన్ సౌండ్ ఐడీ మా పెరట్లో ఎన్నడూ చూడని పక్షుల పేర్లు చెబుతోంది. నమ్మొచ్చా? (శ్రీకాకుళం)

కంటితోనో చెవితోనో మీరు నిర్ధారించుకునేదాకా నమ్మొద్దు. అది వినబడ్డ శబ్దాన్ని బొమ్మగా మార్చి, తనకు తెలిసిన కూతల బొమ్మలతో పోలుస్తుంది. అందుకే ఉడుత కిచకిచలను పిట్ట అరుపనుకుంటుంది. ఏట్రింత వేరే పక్షుల్ని అనుకరించినా పొరబడుతుంది. ఫ్యాను, ఆటో, మైకు మోతలో సన్నటి కూతలు మునిగిపోతాయి.

ఫోన్ అడుగున ఉండే మైకును వేలితో, కవరుతో మూయకండి. ఆ అంచును చెట్టువైపు తిప్పి పట్టుకుని, అందరూ నిమిషంపాటు మాట్లాడకుండా ఉండండి. పేరు రాగానే దాన్ని నొక్కి, అందులోని కూతతో మీరు విన్నది పోల్చండి. పికిలిపిట్ట, తేనెపిట్ట, జెముడుకాకి కూతలు ముందుగా నేర్పితే పిల్లలు యాప్ లేకుండానే చెప్పేస్తారు. తేలనిది రాయకుండా వదిలేయండి. అప్పుడు కూడా ‘గుర్తుపట్టినవన్నీ రాశాం’ అనే మాట నిజమే.

ప్రశ్న: ఇంటి చోటు అందరికీ కనబడుతుందా? (పలాస)

కనబడుతుంది. చోటుకు పేరు పెట్టేటప్పుడు ఇంటి నంబరు, ఇంటిపేరు రాయకండి. పిన్‌ను వీధి మలుపు దగ్గర పెట్టినా లెక్కకు నష్టం లేదు. ఖాతా సెట్టింగ్స్‌లో మీ పేరు దాచుకునే వీలూ ఉంది.

ప్రశ్న: పిల్లల్ని తేలినీలాపురం పక్షుల కేంద్రానికి తీసుకెళ్తున్నాం. అక్కడి గుంపుల్ని లెక్కపెట్టేదెలా? (టెక్కలి)

పది గూడబాతుల్ని (పెలికాన్లను) లెక్కపెట్టి, ఆ పది కంటికి ఎంత మేర కనబడ్డాయో గుర్తుంచుకోండి. గుంపంతటిలో అలాంటివి ఎన్ని ముక్కలుంటాయో చూసి హెచ్చించండి. చెట్టు చెట్టుకూ విడిగా చేస్తే తప్పు తగ్గుతుంది. పసుపు ముక్కు, రెక్కల చివర గులాబీ ఛాయ ఉన్న ఎర్రకాళ్ల కొంగలను వేరే వరుసలో రాయాలి. అక్కడ కొత్తగా పిన్ పెట్టకుండా, మ్యాప్‌లో ఇప్పటికే ఉన్న హాట్‌స్పాట్‌ను (అందరూ లెక్క పంపే ఉమ్మడి చోటును) ఎంచుకోండి. పెద్ద అంకె వేస్తే యాప్ వివరం అడగవచ్చు. అది తప్పు పట్టడం కాదు, ఎలా లెక్కపెట్టారో ఒక వాక్యం రాస్తే చాలు. గూళ్ల దగ్గర మాత్రం ఫోన్‌లో పక్షి కూతలు వేయకండి. ఆ చప్పుడుకు బెదిరి తల్లులు లేస్తే, గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ చిక్కుతాయి.