ట్రిబ్యూట్ బ్యాండ్ పాడితే రాయల్టీ ఎవరికి?

అమెరికాలో దివంగత గాయని ప్యాట్సీ క్లైన్ పాటలతో కచేరీ చేసే ట్రిబ్యూట్ బ్యాండ్ (ఒకరి పాటలనే వారికి నివాళిగా పాడే బృందం) ఆ పాటల కోసం ఆమె వారసుల అనుమతి అడగనక్కర్లేదు. హాలుకు లైసెన్సు ఉంటే సరిపోతుంది. వేదిక మీద పాడినందుకు వచ్చే రాయల్టీ పాట రాసి బాణీ కట్టినవారిది, ఆ పాట హక్కులు చూసే పబ్లిషరుది; రికార్డులో వినిపించే గొంతుది కాదు. అందుకే వాళ్ల తరఫున లైసెన్సులిచ్చి రాయల్టీ వసూలు చేసే ఆస్క్యాప్, బీఎంఐ లాంటి సంస్థలకు సాధారణంగా హాలువాళ్లే రుసుము కడతారు. 1961లో ప్యాట్సీ పాడిన ‘క్రేజీ’ విల్లీ నెల్సన్ రచన. జనం దాన్ని ప్యాట్సీ పాటగానే ఎరుగుదురు గానీ, ఆ రాయల్టీ వెళ్లేది నెల్సన్ వైపుకే.

చాలామంది పొరపడేది, ఈ లైసెన్సుతో అన్నీ చెల్లిపోతాయని. కచేరీ వీడియో అమ్మాలంటే పబ్లిషరుతో విడిగా ఒప్పందం కావాలి. పోస్టరు మీద గాయని ఫొటో వాడటం మరో హక్కు. ఉదాహరణకు అమెరికాలోని టెనెసీ రాష్ట్ర చట్టంలో అది మరణం తర్వాత వారసులకు దక్కుతుంది.