సినిమా చూసొచ్చి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన సినిమా రివ్యూలన్నీ చదివా, కొన్ని రెండోసారి కూడా చదివా. సినిమా అంటే నీకు ప్రాణం అని తెలుస్తూనే ఉంది, తెలుగు కూడా హాయిగా వస్తుంది నీకు, కానీ అన్నీ చదివాక ఇవి రాసిందెవరో నాకు తెలీలేదు. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, బీజీఎం నెక్స్ట్ లెవెల్, ఓవరాల్ గా వన్ టైమ్ వాచ్... ఇవి నీ మాటలు కావు కదరా. రిలీజ్ రోజు పొద్దున్నే అమెరికా ప్రీమియర్ల నుంచి వచ్చే టాక్ లో ఉండే మాటలు ఇవి, నువ్వు హాల్లో అడుగు పెట్టకముందే నీ చెవిలో పడ్డాయి, బయటికొచ్చి వాటినే రాసేశావు.

నువ్వు పుట్టి పెరిగింది తిరుపతిలో. పుష్ప 2 మీద అంత పొడుగు రాసి జాతర సీన్ కి మాత్రం "గూస్ బంప్స్" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నాకది చదివి నిజంగా బాధేసింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగాళ్ళు చీర కట్టుకుని మాతంగి వేషం వేసి మొక్కు తీర్చుకోవడం నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. వేరే ఊళ్ళలో సినిమా చూసినవాళ్ళకి అంత పెద్ద హీరో చీర కట్టాడనేదే ఆశ్చర్యం, నీకు ఆ ఆశ్చర్యం ఉండదు, మరి నీకేమనిపించింది? మన ఊరి జాతరే అనిపించిందా లేక సెట్ లా ఉందా, వేషం కట్టినవాళ్ళలో నువ్వు చూసిన భక్తి అల్లు అర్జున్ ఆటలో కనపడిందా లేక అది హీరో కోసం పెట్టిన డాన్స్ అయిపోయిందా? ఇది హైదరాబాద్ లో కూర్చున్న నేను రాయలేను, నువ్వు రాయగలవు. ఇంకోటి, నిడివి ఎక్కువైంది అన్నావు. 3 గంటల 20 నిమిషాలు, ఎక్కువే. కానీ 2025 జనవరిలో దానికే ఇంకో 20 నిమిషాలు కలిపి వదిలితే చూడ్డానికి జనం వెళ్ళారు కాబట్టి గంటలు లెక్కపెడితే సరిపోదు, నువ్వు ఏ సీన్ దగ్గర సీట్లో కదిలావు, ఎక్కడ టైమ్ చూసుకున్నావు, అది రాయి చాలు.

నటన గురించి. కోర్ట్ సినిమా మీద రాస్తూ "ప్రియదర్శి బాగా చేశాడు" అన్నావు, అంతే. నువ్వు బలగం చూశావు, 35 చిన్న కథ కాదు చూశావు, మూడింట్లోనూ అతనే ఉన్నాడు. బలగంలో సాయిలుకి తాత పోయాడన్న బాధ కన్నా కట్నం డబ్బుతో అప్పు తీర్చుకుందామన్న లెక్క తప్పిందన్న కంగారే ఎక్కువ, ఆ కంగారు మెల్లగా కరిగి తాత కోసం ఏడ్చేదాకా వస్తాడు, అది ఏ సీన్లో మొదలైందో పట్టుకోడానికి నేను మళ్ళీ చూశా. 35 లో అదే మనిషి పిల్లల్ని మార్కులతో పిలిచే లెక్కల మాస్టారు, పెద్దగా అరవడు కూడా, చూపుతోనే లెక్కలు రాని పిల్లాణ్ణి చిన్నబుచ్చుతాడు. కోర్ట్ లో ఇంకా సొంతంగా కేసు వాదించని జూనియర్ లాయర్. ముగ్గురూ ఒకరిలా ఒకరు ఉండరు, ఎందుకు ఉండరో నువ్వు గమనించి రాస్తే అది నటన గురించి రాసినట్టు. అదే సినిమాలో శివాజీ చేసిన మంగపతిని చూస్తే ఒళ్ళు మండిందన్నావు, నాకూ మండింది, ఎందుకంటే పరువు పరువు అంటూ ఇంట్లో ఆడవాళ్ళ మీద పెత్తనం చేసే అలాంటి మనిషి మన చుట్టాల్లో ఎక్కడో ఒకడు ఉంటాడు కాబట్టి. నువ్వు "విలనిజం అదిరింది" అని రాసేసరికి ఆ మంటంతా పోయింది. నాకైతే ఆ సినిమాలో ఒక అసంతృప్తి ఉంది, కుర్రాడి మీద పెట్టిన కేసంతా అతను ప్రేమించిన అమ్మాయి జాబిలి చుట్టూ తిరుగుతుంది కానీ తన మాట తను చెప్పుకునే చోటు తనకి తక్కువ ఇచ్చారు, వాదనంతా మగాళ్ళ మధ్యే నడిచింది. నీకు అలా అనిపించకపోతే అనిపించలేదనే రాయి, నాతో పోట్లాడు.

35 గురించి కూడా ఒక మాట. విలువ లేని సున్నాని ఒకటి పక్కన పెడితే తొమ్మిది కన్నా ఎందుకు పెద్దదవుతుంది అని అడుగుతాడే ఆ పిల్లాడు, ఆ ప్రశ్న విన్నప్పుడు లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటీగా గట్టెక్కిన నీకు ఏమీ గుర్తు రాలేదా? నాకు చాలా గుర్తొచ్చాయి. టెన్త్ తప్పిన తల్లి కొడుకు కోసం మళ్ళీ లెక్కలు నేర్చుకోవడం, నివేదా థామస్ అది చేసిన పద్ధతి... దీని మీద నువ్వు "ఫీల్ గుడ్" అని రాసి ఆపేశావు, ఇంకో పేరా రాయాల్సిన చోటు అది.

కలెక్షన్లు మాత్రం వదిలెయ్. 2025 సంక్రాంతికి జనవరి 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం, మూడూ చూసినవాడివి నువ్వు, చూసిన సినిమాల గురించి ఏం చెప్తావా అని చదువుతుంటే సగం పైన ఎవరికెంత వచ్చిందనే ఉంది. ఆ లెక్క కొన్నవాళ్ళది, అమ్మినవాళ్ళది. వెంకటేష్ సినిమా సంక్రాంతికి వస్తున్నాంలో ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న పిల్లాడు బుల్లిరాజు నోరు తెరిచినప్పుడల్లా హాలంతా నవ్వింది, మొదట నేనూ నవ్వా, తర్వాత తర్వాత పక్క సీట్లో చిన్నపిల్లలు ఆ మాటలకే పడి పడి నవ్వుతుంటే ఇబ్బందిగా అనిపించింది. మీ ఇంట్లో అందరూ కలిసి వెళ్ళారు కదా, మీ అమ్మ నవ్వారా, నాన్న ఏమన్నారు? అదీ అభిప్రాయమే, మామూలు ప్రేక్షకుడు రాయాల్సింది అలాంటివే, కెమెరా లెన్స్ పేర్లు నీకు తెలియక్కర్లేదు.

ఇంటికొచ్చాక ఫోన్ తెరవకముందు రాసేసుకో, తప్పులున్నా పర్లేదు, రెండ్రోజులాగి దిద్దు, అప్పటికీ గుర్తున్న సీన్లేవో అవే ముందు పెట్టు. పాట నచ్చితే రాసిందెవరో చూసి పేరు రాయి, బలగంలో "ఊరు పల్లెటూరు" రాసిన కాసర్ల శ్యామ్ కి జాతీయ అవార్డు వచ్చింది, నీ రివ్యూలో ఆయన పేరే లేదు. ఆ సినిమాలో పోయిన తాతకి పెట్టిన కూడు కాకి పిట్ట ముట్టకపోతే ఇంట్లోవాళ్ళు ఎందుకంత భయపడతారో, భోజనంలో నల్లి బొక్క (మూలుగ ఉన్న ఎముక) దగ్గర వచ్చిన గొడవ ఏళ్ళ తరబడి ఎందుకు నడిచిందో తెలియని పాఠకుడు కూడా ఉంటాడు, వాడికోసం రెండు వాక్యాలు ఖర్చు పెట్టు. టికెట్ రేటు, పార్కింగ్, చెడిపోయిన ఏసీ గురించి రాయాలనిపిస్తే విడిగా రాయి, ఆ చిరాకంతా డైరెక్టర్ మీద పడకూడదు.

ఇక నువ్వడిగింది, పెద్ద హీరో సినిమా బాలేదని రాస్తే ఫ్యాన్స్ తిడుతున్నారు ఏం చెయ్యాలి అని. రాయి. సీన్ గురించి రాయి, మనిషి గురించి వద్దు, ఆయన వయసు ఆయన కుటుంబం జోలికి అస్సలు వెళ్ళకు. తిట్టినవాళ్ళకి జవాబివ్వకు. ఎవరైనా ఫలానా సీన్లో నువ్వు చెప్పినట్టు లేదు అని చెప్తే మాత్రం సరి చూసుకుని దిద్దుకుని థాంక్స్ చెప్పు. బాగా ఇష్టమైన హీరో సినిమా నచ్చనప్పుడు రాయడం ఇంకా కష్టం, నువ్వు ఇప్పటిదాకా అలాంటిది ఒక్కటి కూడా పంపలేదు నాకు. తర్వాతది అదే పంపు.

ప్రేమతో,
అక్క